నాగయ్య గేటు దగ్గర పేరు చెప్పాలి

కర్దనూరు నాగయ్య రెండు కళ్లూ మూసుకుని ఒక మందుల కంపెనీని ఏళ్ల తరబడి కాపలా కాశాడు. లోపలికి పోయే మనిషిని అడుగుల చప్పుడుతోనే పట్టేసేవాడు. చెప్పు ఈడ్చేవాడెవడు, మడమ నొక్కి నడిచేదెవరు, పొద్దున్నే పెళ్లాంతో పోట్లాడి వచ్చినవాడెవడు, అన్నీ చెవితోనే చదివేవాడు. ఒకనాడు దారి తప్పిన బర్రె గేట్లో దూరబోతే కట్టె అడ్డం పెట్టి "పేరు చెప్పు" అన్నాడట. అది ఇంటిపేరుతో సహా చెప్పుకుని వెనక్కి మళ్లిందట. నమ్మనివాళ్లు బొల్లారంలో ఆ కంపెనీ ఎదురుగా ఉన్న టీకొట్టు దగ్గర ఒక చాయ్ తాగి చూడండి. రెండో గుక్కకల్లా ఆ బర్రె పక్కన దూడ కూడా వచ్చి నిలబడుతుంది.

ఇంత ఘనుడు చూడ్డానికి ఎలా ఉంటాడంటే, యూనిఫాం చొక్కాలో ఇంకో నాగయ్య పడతాడు. ఒకప్పుడు జొన్న కోసిన చేతులు. కోసిన చేలల్లో షెడ్లు లేచాక, కొడవలి పెట్టి కట్టె పట్టాడు. భార్య పోయింది. కొడుకు బాలరాజ్ లారీ మీద ఉంటాడు. మనిషి వచ్చేది తక్కువ, ఫోను వచ్చేది ఎక్కువ. ఇంట్లో ఉన్నదల్లా కోడలు వనజ. ఆమె కూడా అదే కంపెనీలో ప్యాకింగులో పనిచేస్తుంది. మామను ఆ గేటు దగ్గర నిలబెట్టింది కంట్రాక్టరు. వయసు అడిగినప్పుడు నాగయ్య చెప్పిన అంకె విని, పక్కనున్న యాదన్నకు పొలమారింది.

ఈ యాదన్న బాయిలరు దగ్గర బూడిద ఎత్తే మనిషి. నాగయ్యకు జోడీ. నాగయ్య కంటే కొంచెం చిన్నవాడు, నోరు మాత్రం చాలా పెద్దది. ప్రపంచంలో ఆయనకు తెలియని వైద్యం లేదు.

మొదట గేటు దీపం చుట్టూ నాగయ్యకు రంగుల గుండ్రం కనిపించింది. కంపెనీ పొగ అనుకున్నాడు. తర్వాత ఎదుటివాళ్ల ముఖాలు మంచులోంచి వస్తున్నట్టు వచ్చాయి. చలికాలం అనుకున్నాడు. ఎండాకాలంలోనూ మంచు విడవకపోయేసరికి యాదన్నకు చెప్పాడు.

యాదన్న నాగయ్య గడ్డం పట్టి పైకెత్తి, రెండు కళ్లలోకీ తొంగి చూశాడు.

"మోతిబిందు, కంట్లె పొర. ముత్యం లెక్క మెరుస్తున్నది. గని ఇంక పచ్చిగనే ఉన్నది."

"కోపియ్యాల్నా?"

"గప్పుడేనా? పండాలె నాగయ్యా! పచ్చిది గోస్తె అంత ఖరాబైతది. సీతాఫలం సుత కండ్లు విచ్చుకున్నంకనే తెంపుతం గదా. మా అమ్మకు గూడ డాక్టరే చెప్పిండు, పండినంక తీస్కరా అని."

యాదన్న అబద్ధం చెప్పలేదు. వాళ్లమ్మ కాలంలో డాక్టర్లు ఆ మాటే చెప్పేవారు. తర్వాత డాక్టర్ల చేతుల్లో పనిముట్లు మారాయి, మాట మారింది. బొల్లారం బూడిదకుప్పల దాకా ఆ కొత్తమాట నడిచి రాలేదు. నాగయ్యకు కూడా ఆ పాతమాటే హాయిగా ఉంది. ఆపరేషనంటే సెలవు. సెలవంటే గేటు దగ్గర ఇంకో మనిషి. ఒకసారి ఇంకో మనిషి వచ్చి నిలబడ్డాక కంట్రాక్టరు పాత మనిషి పేరు కూడా మరిచిపోతాడు. నాగయ్యకు అది కళ్లు ఉన్నప్పుడే కనిపించిన సంగతి. అందుకని పండనివ్వడమే మేలనుకున్నాడు.

అక్కడే మొదలైంది ఆ గేటు ఆచారం.

ఒక పొద్దున యాదన్న బస్సు దిగి వస్తూ, "నాగయ్యా, నేను యాదన్న, బాయిలర్!" అని అరిచాడు. వెనకవాడికి విషయం అర్థమైంది. "కాకా, వంశీని, రియాక్టర్!" ఆ వెనక ఆడవాళ్లు, "కాకా, అంకిత, ప్యాకింగ్!" బీహారు కుర్రాళ్లు "చాచా, సంజయ్ ఆయా" అంటూ నడిచారు. వారం తిరక్కుండా మూడు షిఫ్టులకూ పాకింది. కొత్తగా చేరినవాడికి హెల్మెట్ కంటే ముందు ఈ ముక్క నేర్పేవారు: నాగయ్య గేటు దగ్గర పేరు చెప్పాలి. ఎందుకని ఎవడూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

వంశీ ఆకతాయి. ఒకసారి గొంతు మార్చి, "ఎండీ సాబ్‌ను వస్తున్న, సలాం గొట్టు!" అన్నాడు.

"నీ ఎండీతనం మీ అత్తగారింట్ల జూపియ్‌రా. నీ నోట్ల గుట్కా వాసన గేటు అవతలికే కొడ్తున్నది," అన్నాడు నాగయ్య.

అందరూ గొల్లున నవ్వారు. ఆ నవ్వుతోనే కథ పుట్టింది. నాగయ్య వాసనతో పడతాడన్నారు. మర్నాటికి అడుగులతో పడతాడన్నారు. నెలకు బర్రె వచ్చింది. సెక్యూరిటీ సూపర్‌వైజరు కూడా దూరం నుంచి చూసి, "ముసలాయన అందర్నీ పేరుతో పిలుస్తడు, హుషారున్నడు" అని మెచ్చుకున్నాడు. నాగయ్య మీసం మీద చెయ్యేసుకున్నాడు. లోపల ఏం జరుగుతోందో మీసానికేం తెలుసు? ఆయన ముందు నడిచేది మనుషులు కాదు, తెల్లటి పాలలో కదిలే నల్లటి మరకలు. మరక నోరు తెరిచి పేరు చెబితే, నాగయ్య ఆ పేరునే తిరిగి పిలిచేవాడు.

ఇంట్లో వనజ పసిగట్టింది. మామ గిన్నెలో చారు పోసుకుంటూ వేలు లోపల ముంచి చూసుకుంటున్నాడు.

"మామా, సంగారెడ్డి దవాఖానకు పోదాం. నేను లీవు పెడ్త."

"పండనియ్ బిడ్డా."

"ఎన్నడు పండుతది?"

"యాదన్న జెప్తడు."

"యాదన్న డాక్టరా? బూడిదెత్తెటోడు!"

"బూడిదెత్తెటోడు గాబట్టే కాలినదేదో కాలనిదేదో ఎర్కుంటది," అని నాగయ్య నవ్వాడు. ఆ జవాబు ఆయనకే బాగా నచ్చింది. మర్నాడు గేటు దగ్గర నలుగురికి చెప్పి నవ్వించాడు కూడా.

కుడికన్ను ఒక ఆదివారం పొద్దున ఎర్రబారింది. గ్యాస్ తగిలిందనుకుని నీళ్లు కొట్టుకున్నాడు. మధ్యాహ్నానికి కంటిలో మేకు దిగ్గొడుతున్నట్టు పోటు. పోటు కణతకెక్కి, తల వెనక్కి పాకి, కడుపులోకి దిగి వాంతులైంది. వనజ నందివర్ధనం పూలు తెచ్చి కంటి మీద పెట్టింది. ఊరి ఆర్ఎంపీ వచ్చి, వాంతులు చూసి పైత్యమన్నాడు, సూది వేశాడు. నాగయ్య గోడకేసి తల కొట్టుకున్నాడు. యాదన్న వచ్చి మంచం పక్కన కూర్చుని, "పండుతున్నది నాగయ్యా, పండేటప్పుడు జెర నొస్తది" అని ధైర్యం చెప్పాడు. ఆ ధైర్యంలో ఇంకా కొంత కాలం పోయింది.

చివరికి వనజ ఎవర్నీ అడగకుండా ఆటో పిలిచింది. సంగారెడ్డిలో కన్ను చూసినవాళ్లు చెయ్యి కూడా వేయకుండా పెద్ద కంటి ఆసుపత్రికి పంపారు. అక్కడి డాక్టరమ్మ దీపం పెట్టి చూసింది, పరికరం ఆనించి ఒత్తిడి కొలిచింది.

"ఇన్నాళ్లూ ఎందుకు తీసుకురాలేదు?"

"పండాలన్నరు మేడం," అంది వనజ.

"పండటం ఎప్పుడో అయిపోయిందమ్మా. ఇది కుళ్లింది. లోపలి పొర పగిలి రసం కారింది. కంట్లో నీళ్లు బయటికి పోయే దారి మూసుకుంది. ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయింది. ఇప్పుడు ఆపరేషన్ చేసేది నొప్పి తగ్గడానికి. చూపు రాదు."

నాగయ్యకు నొప్పి తగ్గడమే స్వర్గంలా ఉంది, చివరి మాట సరిగ్గా వినిపించుకోలేదు. ఆపరేషనైంది. పోటు పోయింది. పట్టీ తీశాక ఆయన ఆ కంటితో ఎటు చూసినా చీకటి ఒకటే రకంగా ఉంది. దానికి పైనా కిందా లేదు, దగ్గరా దూరమూ లేదు. అప్పటిదాకా ఉన్న పాలమంచు ఎంత సంపదో అప్పుడర్థమైంది.

"రెండో కన్ను కూడా ఇదే దారిలో ఉంది. నెలలోపే చేద్దాం," అంది డాక్టరమ్మ.

"జూద్దాం," అన్నాడు నాగయ్య. అనడానికి చూద్దామన్నాడు గానీ, ఆయన లోపల తలుపు వేసి గొళ్లెం పెట్టుకున్నాడు. ఊళ్లో అప్పటికే లెక్క తేలిపోయింది: నడుచుకుంటూ పోయిన ముసలాయన కన్ను కోయించుకుని గుడ్డోడై వచ్చాడు. నాగయ్య లెక్క కూడా అదే. కత్తి తగలకముందు కుడికంట్లో వెలుగుండేది, తగిలాక లేదు. మధ్యలో చచ్చిన నరం సంగతి ఆయనకు కనిపించింది కాదు. కత్తి కనిపించింది.

నల్లద్దాలు పెట్టుకుని మళ్లీ గేటుకు వచ్చాడు. అద్దాలు చూసి సూపర్‌వైజరు, "ఏం కాకా, హీరో అయినవ్?" అన్నాడు. జనానికి మాత్రం సంగతి తెలిసింది. పాపమనిపించి పేర్లు ఇంకా గట్టిగా చెప్పారు. ఇదివరకు నడుస్తూ చెప్పేవాళ్లు ఇప్పుడు ఆగి, చెయ్యి పట్టుకుని చెప్పారు. తెలియనివాళ్లకు అది ముసలాయన మీద గౌరవంలా కనిపించేది. టీకొట్టు కథలో ఆయనకు రెండు కళ్లూ లేవని కూడా చేరింది, అందుకే చెవులు అంత పదునని చేరింది. ఒంటికన్నుతో, అందులోనూ పొరతో, నాగయ్య ఆ కథ మధ్యలో రాజులా నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక రోజూ అదే రచ్చ.

"మామా, ఆ కన్ను గూడ పగుల్తది."

"కోస్తె ఇప్పుడే పోతది. ఉన్న గుడ్డి వెలుగన్న ఉండనియ్."

"మళ్ల గట్ల నొప్పొస్తె?"

"వస్తె సస్త. నా దిక్కు జూడకు, నీ పని జూస్కో. నాకు గేట్ల అంత మంచిగనే నడుస్తున్నది. అందర్ని గుర్తువడ్తున్న."

ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో నిజమే చెబుతున్న మనిషి ధీమా ఉంది. వనజ అన్నం కలుపుతూ ఆగింది. మామ తన కథను తనే నమ్ముతున్నాడు.

సోమవారం మొదటి షిఫ్టు. నాగయ్య చెవులు బస్సు బ్రేకుల కోసం ఎదురుచూశాయి. ఒక బస్సు ఆగింది, వెనక ఇంకోటి. తలుపులు తెరుచుకున్నాయి. నాగయ్య కట్టె సర్దుకుని, మీసం సర్దుకుని నిలబడ్డాడు.

అడుగులు వచ్చాయి. మాటలు రాలేదు.

ఒక మరక దాటిపోయింది. ఇంకోటి. టిఫిన్ డబ్బా గలగలమంది. ఎవరో దగ్గారు. "ఎవరు?" అన్నాడు నాగయ్య. అడుగులు ఆగకుండా లోపలికి పోయాయి. "ఎవర్రా అది? పేరు జెప్పున్రి!" గుంపు పెద్దదైంది. వందల చెప్పులు, బూట్లు, కాంక్రీటు మీద ఒకటే రొద. అందులో ఈడ్చేదెవరో నొక్కేదెవరో ఆయనకు ఒక్కటీ తేలలేదు. వాన చినుకుల్లో ఏ చినుకు ఏదో ఎవడికి తెలుస్తుంది?

"వంశీ? వంశీ వచ్చినవా?" జవాబు లేదు. "అంకితా? సంజయ్? పిల్లలూ, ఏమాయె?" కట్టె చాచాడు. ఎవరో మెల్లగా పక్కకు తప్పుకున్నారు. ఆడవాళ్లలో ఒకరు ముక్కు చీదారు. నాగయ్య రెండు చేతులూ ముందుకు చాపి, గాలిలో వెతికి, దొరికిన చొక్కాను పిడికిలితో పట్టుకున్నాడు. "ఎవరు నువ్వు? కంపెనీల దొంగ జొర్రిండు! ఎవరు నువ్వు?"

చొక్కా లోపల మనిషి నోరు తెరిచాడు. "నేనే నాగయ్యా. యాదన్నను."

నాగయ్య పిడికిలి వదల్లేదు. పదేళ్లుగా పక్కన కూర్చుని చాయ్ తాగిన మనిషి చొక్కా అది.

"ఎందుకు మాట్లాడ్తలేరు? నేనేం జేసిన మీకు?"

"నేనే వద్దన్న మామా," అంది వనజ. ఆమె ఎంతసేపటి నుంచో పక్కనే నిలబడి ఉంది. "బస్సులల్ల అందరికి దండం పెట్టి జెప్పిన, ఇయ్యాల ఒక్కనాడు ఎవ్వరు పేరు జెప్పొద్దని."

"నా నోట్ల మన్ను వోసినవ్ గదనే!"

"వోసిన."

"సూపర్‌వైజర్ జూసిండా?"

"ఆడనే ఉన్నడు. అంత జూసిండు."

"నౌకరీ పాయె."

"పోనీ. నొప్పి లేసిననాడు గోడకు తలకాయ గొట్టుకుంటుంటె పట్టుకున్నది నేను. మళ్ల పట్టుకోను మామా, నాతోని గాదు."

నాగయ్య యాదన్న చొక్కా వదిలేశాడు. కట్టె ఎక్కడ పడిందో వెతకలేదు. వనజ భుజం మీద చెయ్యి వేశాడు. అంతకుముందెన్నడూ ఆ భుజం మీద చెయ్యి వేసి నడిచింది లేదు. ఆటో దాకా అలాగే నడిచాడు.

ఆసుపత్రిలో ముసలివాళ్లను వరసగా కూర్చోబెట్టారు. ఆకుపచ్చ గౌన్లు, తలకు టోపీలు, కోయాల్సిన కంటి పైన నుదుటి మీద తెల్లటి ప్లాస్టరు ముక్క. ప్రతి గుమ్మం దగ్గరా ఎవరో ఒకరు ఆపి అడిగేవారు: "పేరు చెప్పు తాతా. ఏ కన్ను?" నాగయ్య ప్రతి గుమ్మం దగ్గరా చెప్పాడు. "నాగయ్య. ఎడమ కన్ను." మూడో గుమ్మం దగ్గర విసుక్కున్నాడు. అయినా చెప్పించుకున్నారు. చెప్పకుండా లోపలికి పోనియ్యరక్కడ.

అంతకుముందే డాక్టరమ్మ చీకటి గదిలో టార్చి వేసి పరీక్ష చేసింది. "వెలుగు ఎటునుంచి వస్తోంది?" పైనుంచి వేస్తే పైనుంచన్నాడు, కిందనుంచి వేస్తే కిందనుంచన్నాడు, చెవి పక్క సరిగ్గా చెప్పాడు. ముక్కు పక్కనుంచి వేసినప్పుడు, "వెయ్యున్రి మేడం" అన్నాడు.

"వేశాను తాతా."

"ఈ కంట్లో కూడా నరానికి కొంత దెబ్బ తగిలింది," అంది డాక్టరమ్మ వనజతో. "ఎంతో ఇప్పుడు చెప్పలేను. పొర ఇంత మందంగా ఉంటే వెనక ఏముందో నాకే కనపడదు. తలుపు తీశాకే ఇల్లు. మిషనుతో కరిగించడానికి కూడా లేదు, గట్టిపడిపోయింది. చేత్తోనే తీయాలి."

కంటి పక్కన సూది దిగింది. కన్ను రాయిలా బరువెక్కింది. ముఖం మీద గుడ్డ కప్పారు. "కదలకు తాతా, దగ్గు వస్తే ముందే చెప్పు" అన్నారు. ఊపిరి బిగబట్టి పడుకున్నాడు. నొప్పి లేదు. కంట్లో ఎవరో బిందెడు నీళ్లు మెల్లగా తిప్పుతున్నట్టుంది. తెలుపు పసుపైంది, పసుపు ఎరుపైంది. డాక్టరమ్మ ఊపిరి బరువుగా వినిపించింది. "ఎంత ముదిరింది ఇది... కొంచెం పెద్దది చేద్దాం దారి... వెనక తిత్తి పల్చగా ఉంది, జాగ్రత్త..." ఆ తర్వాత చాలాసేపు పనిముట్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆ చప్పుడాగిపోతే ఏమవుతుందోనని నాగయ్య అది వింటూ పడుకున్నాడు. చివరికి నీలిరంగు. నీళ్లలోంచి ఆకాశాన్ని చూసినట్టు నీలిరంగు.

టీకొట్టు కథలో రాయైపోయిన ఆ పొరను తీయడానికి డాక్టరమ్మ కత్తులు మార్చి మార్చి అలిసిపోయిందనీ, తీసింది పళ్లెంలో పడితే ఠంగుమని మోగిందనీ ఉంది. ఆ మోత పటాన్‌చెరు దాకా వినిపించిందంటారు. వనజకు మాత్రం నర్సు ఒక చిన్న పళ్లెంలో చూపించింది. చింతగింజ రంగులో, చింతగింజలో సగం కూడా లేదు.

మర్నాడు పట్టీ విప్పారు. వెలుగు ఒక్కసారిగా దూకింది, నాగయ్య చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆ చెయ్యే మొదట కనిపించింది. ముడతలు, గోళ్లు, కొడవలి గాటు. తర్వాత కిటికీ. తర్వాత తలుపు, సగమే. మిగతా సగం ముక్కు పక్కన నల్లగా కోసేసి ఉంది. తల తిప్పితే రెండో సగం వచ్చింది, మొదటిది పోయింది.

మంచం పక్కన ఒక ఆడమనిషి నిలబడి ఉంది. బుగ్గలు లోపలికి పోయి, కళ్ల కింద నలుపు, ముందువెంట్రుకలు నెరిసి. మందుల పౌడరుకు వేళ్ల చివర్లు పసుపుబారి ఉన్నాయి.

"ఎవరమ్మా?" అనబోయి ఆగాడు. పేరు చెప్పకుండానే తెలిసింది.

"గిట్లైనవేందే బిడ్డా?"

"గిట్లనే ఉన్న మామా, ఎప్పటిసంది," అంది వనజ. అని, పక్కకు తిరిగి పట్టీ దూది ఏరసాగింది.

గేటు దగ్గర అప్పటికే కొత్త మనిషి నిలబడ్డాడు. కళ్లు బాగున్నవాడు. అక్కడ ఇప్పుడు ఎవరూ పేర్లు చెప్పరు, వేలు ఆనిస్తే కూతపెట్టే మిషను పెట్టారు. నాగయ్య పొద్దున్నే కోడలితో పాటు బస్సెక్కి వచ్చి టీకొట్టు బల్ల మీద కూర్చుంటాడు. ఇంట్లో మంచం మీద కూర్చుంటే గోడ సగమే కనిపిస్తుంది. ఇక్కడైతే తల అటూ ఇటూ తిప్పి దారంతా చూసుకోవచ్చు.

ఒక పొద్దున యాదన్న షిఫ్టు దిగి వచ్చాడు. చాయ్ గ్లాసు కోసం చెయ్యి చాచి, గ్లాసుకు జానెడు దూరంలో గాలిని పట్టుకున్నాడు. నాగయ్య తల తిప్పి ఆయన ముఖంలోకి చూశాడు. రెండు నల్లగుడ్లలోనూ మీగడ.

"నీ కండ్లల్ల ఏందిరా గది?"

"ఏం లే. షురువైంది. ఇంక పండలే."

"యాదన్నా!"

"నాకెందుకు నాగయ్యా తొందర? నువ్వు నడిపియ్యలేదా?" యాదన్న బల్ల మీదున్న కొత్త కుర్రాళ్ల వైపు తిరిగి, గొంతు పెంచాడు. "ఈయనెవరో ఎర్కనారా మీకు? కర్దనూరు నాగయ్య! కండ్లు లేకుంట కంపెనీ కాసిండు. మూడు షిఫ్టులు, ఒక్కొక్కన్ని అడుగు చప్పుడు మీద గుర్తువట్టెటోడు. బర్రెను సుత ఆపి పేరడిగిండు. చెప్పు నాగయ్యా, నువ్వే చెప్పు వీళ్లకు!"

కుర్రాళ్లు చాయ్ ఆపి నాగయ్య వైపు చూశారు. యాదన్న కూడా చూశాడు, నాగయ్య ఉన్న చోటికి కొంచెం పక్కగా.

"ఎవ్వర్ని గుర్తువట్టలే," అన్నాడు నాగయ్య. "మీరే పేర్లు జెప్పెటోళ్లు. నాకు కనవడకపోతుండె. దవాఖానకు ఆలస్యంగ పోయిన, ఒక కన్ను పోయింది, ఇంకొకటి సగం పోయింది."